ట్రైలర్ లైట్లకు ఎర్త్ హుక్కు నుంచి వస్తే సరిపోతుందా, వేరే వైరు వెయ్యాలా?

బరంపురం టెంట్‌హౌస్:
పికప్ వెనక జనరేటర్ ట్రైలర్ కట్టి గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు పెళ్లిళ్లకు తిప్పుతుంటాం. ఈమధ్య ట్రైలర్ లైట్లు పిచ్చిపిచ్చిగా ఉన్నాయి. బ్రేకు తొక్కితే బ్రేక్ లైటు రాదు, ఇండికేటర్లు మసగ్గా వెలుగుతాయి. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైట్లు కూడా కొట్టుకుంటాయి. బండి లైట్లు బాగున్నాయి, ట్రైలర్ బల్బులు కొత్తవే. ఒక మెకానిక్ వైరింగంతా పీకేయాలంటున్నాడు, ఇంకొకాయన ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే వైరు) ఒక్కటి వేస్తే చాలంటున్నారు. ఏది చెయ్యాలి?

ఛత్రపురం డ్రైవరు:
ముందు ఫ్యూజులు, హోల్డర్లు చూడన్నా. ఎర్త్‌కి వేరే వైరెందుకు? ట్రైలర్ తగిలించే హుక్కు దగ్గర ఇనుముకి ఇనుము తగిలే ఉంటుంది కదా. మా ట్రైలర్‌కి ఏళ్లుగా హుక్కు నుంచే ఎర్త్, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

ఆటో ఎలక్ట్రికల్, బరంపురం:
ఒక్క బల్బే రాకపోతే బల్బో హోల్డరో అనుకోవచ్చు. రెండు వైపులా బ్రేక్ లైట్లు మాత్రమే పోతే ఫ్యూజు, స్విచ్ చూడాలి. ఒకటి వేస్తే ఇంకోటి వెలుగుతోందంటే అది ఎర్తే తమ్ముడూ. తిరిగి వెళ్లడానికి సరైన దారి లేక కరెంటు పక్క బల్బు ఫిలమెంటులోంచి పోతోంది. అందుకే రెండూ మసగ్గా ఉంటాయి.

వైరింగ్ పీకే ముందు ఒక పని చెయ్యి. బ్యాటరీ నెగటివ్ నుంచి ట్రైలర్ ఛాసీకి (ఇనుప చట్రానికి) ఒక లావు వైరు తాత్కాలికంగా పట్టు. రంగు గీకి, ఇనుము మెరిసే చోటే పట్టాలి. లైట్లు సరైపోతే ఇంక వెతకక్కర్లేదు. బండికీ ట్రైలర్‌కీ మధ్య ఉండే ఏడు పిన్నుల ప్లగ్గులో మామూలుగా మూడో పిన్ను, తెల్ల వైరు ఎర్త్‌ది. ప్లగ్గు విప్పి చూడు. మన సముద్రపు గాలికి ఆ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి.

ఛత్రపురం డ్రైవరు:
మీటరు పెడితే మాకు 12 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తుంది. ఎర్త్ బాగున్నట్టే కదా?

ఆటో ఎలక్ట్రికల్, బరంపురం:
లైట్లు వెయ్యకుండా చూస్తే చిలుము పట్టిన పిన్ను మీద కూడా 12 చూపిస్తుంది. బ్రేకు తొక్కించి, బ్యాటరీ నెగటివ్‌కీ ట్రైలర్ హోల్డర్ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూడండి. దాదాపు సున్నా రావాలి. రెండు మూడు వోల్టులు వచ్చాయంటే అదంతా దారిలోనే పోతోంది. 21 వాట్ల బ్రేక్ బల్బులు రెండిటికే మూడున్నర ఆంపియర్లు. ట్రైలర్ ఇండికేటర్లు రెండూ ఒకేసారి కొడుతుండగా బ్రేకు తొక్కితే ఏడు దగ్గరికి వెళ్తుంది. అదంతా గ్రీజు పూసిన హుక్కులోంచి వెళ్లాలా? గుంతలో పడి హుక్కు కదిలిన క్షణంలోనే వెనక లైటు పోతుంది. ఎన్‌హెచ్ 16 మీద రాత్రిపూట వెనకొచ్చే లారీ డ్రైవరుకి మన ట్రైలర్ కనపడేది ఆ లైటుతోనే. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు ప్లగ్గు నుంచి నేరుగా ఛాసీకి వేసి, లగ్గు (వైరు చివర బోల్టుకి బిగించే రింగు) బిగించి, పైన రంగు పూయండి.

ఛత్రపురం డ్రైవరు:
అంత కష్టమెందుకు, ఎల్‌ఈడీలు పెట్టేస్తే కరెంటు తక్కువే కదా?

ఆటో ఎలక్ట్రికల్, బరంపురం:
పెట్టుకోండి, మంచివే. కానీ ఎర్త్ తెగితే ఎల్‌ఈడీ కూడా ఆరిపోతుంది. పైగా పాత ఫ్లాషర్‌తో (ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే రిలేతో) ఇండికేటర్ గబగబా కొట్టుకోవచ్చు, అప్పుడు అదీ మార్చాలి.

బరంపురం టెంట్‌హౌస్:
లావు వైరు పట్టి చూశాను. అన్నీ సరిగ్గా వెలిగాయి. ప్లగ్గు విప్పితే తెల్ల వైరు మొదట్లోనే తెగి ఉంది.