అప్‌డేట్: కానాగంతల పులుసులో ముక్క ఎందుకు చితికిపోయిందో తెలిసింది

సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రోజుల్లో వంజరం చేప కొనవచ్చా, దాని బదులు తెచ్చిన కానాగంతలు పులుసులో ఎందుకు చితికిపోతున్నాయి అని మే నెలలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తప్పు వంటలో కంటే కొనడంలోనే ఎక్కువ ఉంది. మిగిలిన చేపను విశాఖలో మాకు తెలిసిన చేపలామెకు చూపిస్తే, మొప్పలు తెరిచి "ఇది చాలా రోజులు ఐసులో ఉన్నదమ్మా" అంది. మొప్పలు గోధుమరంగులో ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం. అప్పుడు కనబడే వంజరం చాలావరకు నిల్వ సరుకేనట, అందుకే మానేశాను. ఇంజను లేని తెప్పలకు నిషేధం వర్తించదు కనుక తెల్లవారుజామున వాటి దగ్గరికే వెళ్లాను. ఎర్రటి మొప్పలు, ఉబ్బెత్తు కళ్లు, వేలితో నొక్కినా గుంట పడని ఒళ్లు!

పులుసు బాగా మరిగాకే ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని తిప్పమన్న సలహా పనిచేసింది. పది నిమిషాల్లో దించేశాను. మట్టికుండలో వండితే ముక్క విరగదేమోనని ఒకటి కొన్నాను కానీ, కుండకూ ముక్క విరగడానికీ సంబంధం లేదు, మామూలు గిన్నెలోనూ నిలిచింది. ఆ కుండలో ఇప్పుడు పెరుగు తోడుపెడుతున్నాను.