అప్‌డేట్: నీలం లైట్లు తర్వాతి క్యూల్లోకి ఎందుకు పాకాయో తెలిసింది

మా నాటకం లైటింగ్ గురించి ఇక్కడ నేనడిగిన ప్రశ్న ఇది: క్యూ 12లో (క్యూ అంటే ఒక ఘట్టానికి రికార్డ్ చేసిన లైట్ల అమరిక), రాత్రి సన్నివేశానికి, వెనక నీలం లైట్లు కాస్త పెంచి రికార్డ్ చేస్తే 13, 14, 15లోనూ అదే వెలుగు వస్తోంది, లైట్లను నడిపే కన్సోల్‌లో లోపమేమైనా ఉందా అని.

లోపం లేదు. మీరు చెప్పినట్టు అది ట్రాకింగే. ఇయోస్ కన్సోల్‌లో చానెల్‌కు (లైటును పిలిచే నంబరు) ఒక విలువ ఇస్తే, మళ్లీ మార్చమని చెప్పేదాకా అదే కొనసాగుతుంది. కన్సోల్ తెరమీద మెజెంటా రంగులో కనిపించే అంకెలు అలా వెనకటి క్యూ నుంచి వచ్చినవే. ఇది తెలిశాక క్యూ షీట్ చదవడమే తేలికైంది!

ఆ మార్పు 12కే పరిమితం కావాలి కాబట్టి క్యూ ఓన్లీగా, అంటే తర్వాతి క్యూల్లోకి పాకకుండా, రికార్డ్ చేశాను. 13 పాత వెలుగుకు తిరిగొచ్చింది. తెల్లవారే సన్నివేశం మొదలయ్యే క్యూ 16ను బ్లాక్ చేశాను, అంటే వెనకటి మార్పులు అందులోకి రాకుండా దాని విలువలను స్థిరపరిచాను. ఇక రాత్రి దృశ్యంలో ఏం మార్చినా అక్కడే ఆగుతుంది. ప్రతి క్యూనూ బ్లాక్ చేయమన్న సలహా మాత్రం పాటించలేదు. అలా చేస్తే దర్శకుడు ఒక సన్నివేశమంతా కొంచెం తగ్గించమన్నప్పుడు ప్రతి క్యూనూ విడిగా దిద్దుకోవాలి. సన్నివేశం మొదట్లో ఒక్క బ్లాక్ చాలు.

మూవింగ్ లైట్లు (దిశ మార్చుకోగలవి) వెలుగుతూనే తిరుగుతున్నాయని కూడా అడిగాను కదా. వాటిని ముందే చోటికి చేర్చే ఆటోమార్క్ ఆన్ చేశాను. ముందు క్యూలో లైటు సున్నాలో ఉంటే చీకట్లోనే తన చోటికి చేరుతోంది. ఒక్కచోట మాత్రం లైటు సున్నాలో ఉండే ఆ ఖాళీ లేదు, అక్కడ వేరే లైటు వాడుతున్నాను.