"ఉలుకూ పలుకూ లేదు": కంప్యూటరు విషయంలో "స్పందన" సరైన మాటేనా?

ఆపరేటింగ్ సిస్టమ్‌ల గురించి తెలుగులో రాసేటప్పుడు తెర సాఫీగా కదలడాన్నీ, తాకిన వెంటనే కదలడాన్నీ కలిపేసి "వేగం" అని తేల్చేయడం పరిపాటి అయింది. ఇవి రెండు వేరువేరు గుణాలని, రెండింటికీ వేరువేరు మాటలు కావాలని నా మనవి.

60 హెర్ట్‌జ్ తెర సెకనుకు 60 సార్లు తిరగరాసుకుంటుంది కనుక ఒక్కొక్క ఫ్రేమును (తెరమీద ఒకసారి కనిపించే బొమ్మను) సిద్ధం చేయడానికి దొరికే గడువు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. గడువు తప్పితే పాత ఫ్రేమే మరోసారి కనిపించి, జారుతున్న పేజీ చిన్నగా కుదుపుకు లోనవుతుంది. దీనికి "గతుకు" కంటే మంచి మాట నాకు తోచలేదు. గతుకులు లేని ప్రయాణాన్ని మనం ఎటూ "సాఫీ" అనే అంటాం. ఆండ్రాయిడ్ 4.1లో ఈ గతుకులు పూడ్చడానికి 2012లో గూగుల్ చేపట్టిన పని పేరు "ప్రాజెక్ట్ బటర్". వాళ్లకు నునుపు వెన్నలో కనిపించింది, మనకు బాటలో కనిపిస్తోంది.

రెండో గుణం, వేలు కదిలిన క్షణానికీ తెర కదిలిన క్షణానికీ మధ్య ఉండే ఎడానికి సంబంధించినది. విండోలన్నింటినీ ముందు మెమరీలో గీసి, తరవాత కలిపి చూపే పద్ధతి విండోస్‌లో విస్టాతో వచ్చింది. హ్యాంగయిన ప్రోగ్రాం మీదుగా మరో విండోను లాగితే అంతకు ముందరి ఎక్స్‌పీలో మిగిలిపోయే చారలు దానితో పోయాయి. కానీ విండోలు ఇలా కలిసేదాకా ఆగాలి, మౌసు బాణాన్నేమో గ్రాఫిక్స్ కార్డు విడిగా గీస్తుంది కాబట్టి, లాగుతున్న విండో బాణం కంటే కాస్త వెనకబడటం మొదలైంది. నునుపుతో పాటు ఎడం కూడా పెరిగింది.

ఈ గుణాన్ని "ప్రతిస్పందన" అనడం నాకు రుచించదు. "స్పందన" అనగానే అభిప్రాయమో సానుభూతో గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2019లో ఆ పేరుతో మొదలైన అర్జీల కార్యక్రమమే గుర్తొస్తుంది. మొరాయించిన ప్రోగ్రాం పైపట్టీలో విండోస్ చూపే "Not Responding" అనే సందేశాన్ని మన ఇళ్లలో చెప్పవలసివస్తే "ఉలుకూ పలుకూ లేదు" అంటారు. లేకపోవడానికి ఇంత చక్కని జాతీయం ఉన్నప్పుడు, ఉండటానికి అందులోని "పలుకు"నే తీసుకోవచ్చు: నొక్కగానే పలికే మీట, తాకగానే పలికే తెర. వీణ పలకడం, మద్దెల పలకడం వాడుకలో ఉన్నవే. ("పలుకుబడి" అందామనుకున్నాను గానీ, కంప్యూటర్లకు అది ఇప్పటికే ఎక్కువగా ఉంది.)

ఒక సభ్యురాలి జవాబు:
"గతుకు" బాగుందండీ. "పలుకు"తోనే ఇబ్బంది. ఇప్పుడు ఫోన్లు నిజంగానే మాట్లాడుతున్నాయి కనుక, "ఈ ఫోను బాగా పలుకుతుంది" అంటే దాని ఉచ్చారణను మెచ్చుకున్నట్టు అవుతుంది. "చురుకుదనం" సరిపోదా?

నా జవాబు:
సరిపోదండీ. పెద్ద ఫైలును త్వరగా కాపీ చేసే యంత్రమూ చురుకైనదే, కానీ ఆ కాపీ జరుగుతుండగా మెనూ తెరుచుకోకపోతే అది పలకనట్టే. 1990లలో వచ్చిన బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి విండోకూ ఒక థ్రెడ్‌ను (మిగతా పనుల కోసం ఆగకుండా నడిచే పని వరుసను) విడిగా కేటాయించేది. లోపలి పని ఆలస్యమైనా విండో మాత్రం పలికేది. అయితే మీరు చూపిన చిక్కు నిజమే. దానికి విభక్తి సాయం చేస్తుందని అనుకుంటున్నాను: "ఫోను పలుకుతుంది" అంటే మాట్లాడుతుందని, "ఫోను వేలికి పలుకుతుంది" అంటే తాకితే కదులుతుందని. వీణ గురించి చెప్పేటప్పుడూ "ఆమె వేళ్లకు పలికింది" అనే కదా అంటాం.