స్ట్రాట్‌కి బ్రిడ్జ్ పికప్ ఏది వేయించాలి?

మాది తిరుపతి. నా స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) టైపు ఎలక్ట్రిక్ గిటార్‌లో మూడు పికప్‌లూ (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) సింగిల్ కాయిల్సే, అంటే ఒక్కోదానికి ఒకే వైరు చుట్ట, మెడ వైపుండే నెక్ పికప్ బాగుంది, దాన్ని కదపను. గొడవంతా బ్రిడ్జ్ (తీగలు బాడీ మీద ఆనే చోటు) దగ్గరి పికప్‌తోనే: యాంప్‌లో గెయిన్ (సిగ్నల్ బలం) పెంచితే చాలు కరెంటు హమ్ గుయ్‌మంటుంది, తీగల మీద చెయ్యి పెడితే కాస్త తగ్గుతుంది గానీ పోదు, పైగా ట్రెబుల్ చెవుల్లో గుచ్చుకుంటుంది. బాడీ చెక్కించడం నాకిష్టం లేదు, అందుకే సింగిల్ కాయిల్ సైజు హంబకర్లే (హమ్ తగ్గించే రెండు కాయిల్స్ పికప్‌లు) చూస్తున్నా. సేమూర్ డంకన్ లిటిల్ 59, హాట్ రెయిల్స్, ఈ రెండింటి దగ్గరే ఆగిపోయా. నేను వాయించేది బ్లూస్, పాత సినిమా పాటల లీడ్స్, మెటల్ కాదు, కాబట్టి హాట్ రెయిల్స్ అవుట్‌పుట్ మరీ ఎక్కువేమో?

ఇప్పుడున్న 250కె పాట్‌లే (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది రెసిస్టెన్స్ కంట్రోళ్లు, 250 కిలో ఓమ్‌లవి) ఉంచితే సౌండ్ మొద్దుబారుతుందా? 500కె వేస్తే మిగతా రెండు పికప్‌లు మరీ షార్ప్ అయిపోవా? వాడినవాళ్లు చెప్పండి. తిరుపతి, చిత్తూరు వైపు గిటార్ వైరింగ్, సోల్డరింగ్ బాగా తెలిసినవాళ్లుంటే అదీ చెప్పండి, లేకపోతే చెన్నై మోసుకెళ్లాలి.