అప్‌డేట్: నవ్విస్తూనే కష్టాలు చెప్పే కౌమార నవలలు

ఇంట్లో గొడవలు, పేదరికం, చావు వంటి బరువైన విషయాలను హాస్యం వదలకుండా చెప్పే నవలలు మా మేనకోడలి కోసం సూచించమని ఇదివరకు అడిగాను. మీలో ఎక్కువమంది చెప్పిన రెండింటినీ ఇద్దరం చదివాము.

సూ టౌన్‌సెండ్ 1982లో ప్రచురించిన ఏడ్రియన్ మోల్ డైరీలో హాస్యమంతా కథకుడి అమాయకత్వం నుంచే పుడుతుంది. తానొక మేధావినని నమ్మే ఆ పిల్లవాడు, తల్లి పక్కింటాయనకు దగ్గరవుతున్న ఆనవాళ్లన్నీ రాస్తూనే వాటి అర్థం గ్రహించడు. పాఠకుడు అతనికంటే ముందే గ్రహించి, నవ్వుతూనే నొచ్చుకుంటాడు. 1980లలో బ్రిటన్ ప్రధానిగా ఉన్న థాచర్ కాలపు ప్రస్తావనలు మాత్రం మా మేనకోడలికి కొంత అడ్డుపడ్డాయి.

షెర్మన్ అలెక్సీ 2007లో రాసిన ‘ది ఆబ్సల్యూట్లీ ట్రూ డైరీ ఆఫ్ ఎ పార్ట్-టైమ్ ఇండియన్’ ఇందుకు భిన్నమైనది. స్పోకేన్ రిజర్వేషన్ (అమెరికాలో ‘ఇండియన్లు’ అని పిలిచే ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం) వదిలి తెల్లవాళ్ల బడికి వెళ్లే జూనియర్‌కు తన దుస్థితి పూర్తిగా తెలుసు. జోకులు, కార్టూన్లు అతడు తెలిసి పట్టుకున్న డాలు. అమ్మమ్మ అంత్యక్రియల్లో ఒక కోటీశ్వరుడు ఆవిడదేనంటూ ఒక నాట్యదుస్తు తెచ్చి ఇవ్వబోవడం, ఆవిడ అసలు నాట్యమే చేయలేదని జూనియర్ తల్లి చెప్పడం, అతడు వెళ్లిపోగానే దుఃఖంలో ఉన్న జనమంతా పగలబడి నవ్వడం – నేను అడిగిన సమతూకం సరిగ్గా ఇదే. మద్యం, వరుస మరణాలు, లైంగిక ప్రస్తావనలు ఉన్నాయి కనుక పెద్దలు ముందుగా చదవడం మంచిదని నా అభిప్రాయం.

రెండింటిలోనూ కథకులు అబ్బాయిలే. ఇదే ధోరణిలో అమ్మాయి చెప్పే కథ ఏదైనా ఉంటే సూచించగలరు.