కరోనాలో పెరిగిన పిల్లలకు మాటలు ఆలస్యం: తప్పంతా ఫోన్‌దేనా?

తిరుపతి_అమ్మ:
మా బాబు 2019 ఆగస్టులో పుట్టాడు. మూడేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలికేవాడు కాదు. ఎవరికి చెప్పుకున్నా "ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టి ఉంటావు" అనేవాళ్లు. ఇచ్చాను, అబద్ధం చెప్పను. కానీ కారణం అదొక్కటేనా?

పలమనేరు_టీచర్:
పెద్ద వాటా ఫోన్‌దేనమ్మా. ఏడాదిలోపు పిల్లలకు అసలు చూపించొద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మా ప్రైమరీ స్కూల్ 2021 ఫిబ్రవరిలో తెరిచారు, సెకండ్ వేవ్‌తో మళ్లీ మూశారు. ఆగస్టు 16న పిల్లలు తిరిగొస్తే పేరు అడిగినా నేల చూపులే. ఇంట్లో మాత్రం వీడియోలు వాళ్లే పెట్టుకునేవాళ్లట.

అలిపిరి_డ్రైవర్:
టీచర్ గారూ, మా ఇంటి సంగతి వినండి. 2020 మార్చి 20న తిరుమల కొండ మీద భక్తులకు దర్శనం ఆపేశారు. నాది టాక్సీ. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినా రోజుకు కొన్ని వేల మందికే. కిరాయిల్లేవు, బండి కంతులు ఆగలేదు. రోజంతా గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. పాప వచ్చి చొక్కా లాగితే కసిరేవాణ్ణి. నన్ను పలకరించాలంటేనే నా భార్యకు భయం. ఆ ఫోన్ లాక్కుని ఉంటే మా పాపతో ఎవరు మాట్లాడేవాళ్లు చెప్పండి?
రెండేళ్ల తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్తే డిప్రెషన్ అన్నారు. నాకొక్కడికే అనుకుని సిగ్గుపడ్డాను. కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని తర్వాత చదివాను.

చిత్తూరు_నాన్న:
మావాడూ 2019లోనే పుట్టాడు, ఫోన్ బాగానే చూశాడు. మాటలు మాత్రం సమయానికే వచ్చాయి. అవ్వాతాతా ఇంట్లోనే ఉన్నారు, వాడు ఊ అంటే వాళ్లు పది మాటలు అనేవాళ్లు.

పలమనేరు_టీచర్:
డ్రైవర్ గారూ, మీ మాట కాదనను. బిడ్డ ఏదో అన్నప్పుడు ఎదురు మాట్లాడే మనిషి ఉండాలి, అదే అసలు సంగతి. అయినా ఫోన్‌ను వదిలిపెట్టను. ఆ మనిషి కోలుకున్నాక కూడా అది పిల్లల చేతిలోనే ఉండిపోతోంది. అమ్మా, బాబుకు వినికిడి పరీక్ష చేయించారా? మాట ఆలస్యమైతే ముందు అదే చూడాలి.

తిరుపతి_అమ్మ:
చేయించాం, బాగానే ఉంది. స్పీచ్ థెరపీకి వెళ్తే అక్కడి థెరపిస్ట్ బాబుకన్నా ముందు నన్ను అడిగింది, "మీరు నిద్రపోతున్నారా?" అని. సెకండ్ వేవ్‌లో మా అత్తగారు పోయారు. చివరి చూపు దక్కలేదు. ఇంట్లో ఆమె పేరెత్తితే ఏడుస్తామని ఎవరమూ నోరు తెరిచేవాళ్లం కాదు. ఏడాదిన్నర అలాగే గడిచింది. ఆ నిశ్శబ్దంలోనే బాబు పెరిగాడు.
డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.
బాబు ఇప్పుడు ఒకటో తరగతి. "ర" ఇంకా సరిగా తిరగదు. రాత్రి అన్నం తింటూ వాళ్ల నాన్నమ్మ ఫోటో చూపించి ఆమె గురించి అడుగుతాడు. మేం చెబుతున్నాం.