డిక్ ఫ్రాన్సిస్ నవలల మీద మేరీ పేరు ఉండాల్సిందా?

పాతసంచిక:
డిక్ ఫ్రాన్సిస్ (1920–2010) జాకీగా 350కి పైగా రేసులు గెలిచాడు. 1953–54 సీజన్‌లో బ్రిటన్ ఛాంపియన్. 1957లో జీను దిగి, 1962లో ‘డెడ్ సర్ట్’తో మొదలుపెట్టి 40కి పైగా థ్రిల్లర్లు ఇచ్చాడు. 1999లో గ్రాహమ్ లార్డ్ ఆయన జీవితచరిత్ర రాస్తూ, ఆ నవలలు అసలు రాసింది భార్య మేరీ అన్నాడు. నా ఓటూ మేరీకే. ఆమె ఇంగ్లిష్, ఫ్రెంచ్ చదివిన గ్రాడ్యుయేట్. ఆయన 15 ఏళ్లకే బడి మానేశాడు. అంత బిగువైన వచనం ఎవరి చేతిదో వేరే చెప్పాలా?

కళ్లెం:
బడి మానేసినవాడికి వాక్యం రాదనడం ఏం లెక్కండీ? 16 ఏళ్లు సండే ఎక్స్‌ప్రెస్ పత్రికకు రేసుల మీద రాశాడు. గడువు లోపల, ఇచ్చిన చోటులో ఇమిడేలా రాస్తూపోతే బిగువు దానంతటదే వస్తుంది.

ఇక సరుకు సంగతి. మనం మలక్‌పేటలో చూసేది ఫ్లాట్ రేసింగ్, దారిలో అడ్డంకులుండవు. డిక్ స్వారీ చేసింది కంచెలు దాటే రేసుల్లో, అంటే స్టీపుల్‌ఛేజ్‌లో. అక్కడ దాదాపు 4.5 అడుగుల కంచె మీదికి గంటకు 30 మైళ్ల వేగంతో పోవాలి. ఎక్కడ ఎగరాలో మూడు నాలుగు అంగల ముందే జాకీకి తెలిసిపోవాలి. అంగ కుదరదనిపిస్తే దారులు రెండే: గుర్రాన్ని తోలి దూరం నుంచే ఎగిరించడం, లేదా పగ్గం బిగించి ఇంకో పొట్టి అంగ వేయించడం. ఎటూ తేల్చుకోకపోతే గుర్రం కంచె మొదట్లోకి వచ్చేస్తుంది. ముందుకాళ్లు ముడిచే జాగా ఉండదు, గుద్దుకుని తలకిందులవుతుంది. ‘డెడ్ సర్ట్’లో కంచె దగ్గర కట్టిన తీగతో చంపుతారు. ఆ ఎత్తు పారేది ఎందుకంటే, గుర్రం చూపూ జాకీ చూపూ కంచె మీదే ఉంటాయి, సన్నటి తీగ కనబడదు, ఒకసారి గాల్లోకి లేచాక ఎవరూ ఏమీ చేయలేరు. ఇంత ఖచ్చితంగా రాయాలంటే వందలసార్లు ఆ కంచె దాటి ఉండాలి.

అచ్చుతప్పు:
రేసు పేజీల వరకు ఒప్పుకుంటాను. మిగతా పేజీల మాటేమిటి? ‘ఫ్లయింగ్ ఫినిష్’ (1966) కోసం విమానం నడపడం నేర్చుకున్నది మేరీ. తర్వాత తన పేరుతోనే పైలట్ కాగోరేవాళ్ల కోసం పుస్తకం కూడా రాసింది. ‘రిఫ్లెక్స్’ (1980) కోసం ఫొటోగ్రఫీ నేర్చింది. ఆ కథ నడిచేదే ఖాళీగా కనిపించే ఫిల్ముల నుంచి బొమ్మ రప్పించే డార్క్‌రూమ్ (ఫిల్ములు కడిగే చీకటి గది) పనితనం మీద. ‘ట్వైస్ షై’ (1981) హీరో ఫిజిక్స్ టీచరు, వాళ్ల అబ్బాయి ఫీలిక్స్ కూడా అప్పట్లో ఫిజిక్స్ టీచరే. ఇది కుటుంబ కార్ఖానా. కాకపోతే బోర్డు మీద ఒక్క పేరే.

పాతసంచిక:
పైగా తేదీలు చూడండి. అరవైల నడుమ నుంచి దాదాపు ఏటా ఒక నవల: జనవరిలో మొదలు, మే నాటికి ప్రచురణకర్త చేతికి. 2000లో ‘షాటర్డ్’ వచ్చింది, అదే ఏడాది మేరీ పోయింది. మళ్లీ నవల 2006లోనే. ఆరేళ్ల ఖాళీ!

కళ్లెం:
యాభై ఏళ్లకు పైగా కాపురం చేసిన భార్య పోయాక 80 ఏళ్ల మనిషి కలం పక్కన పెడితే, అది సాక్ష్యమా? ముందు పోయింది ఆయనైనా ఆ బండి ఆగేదేమో. లార్డ్‌కు ఉన్న ఆధారమల్లా మేరీతో జరిగిన సంభాషణ. ఆమె అన్నట్టుగా లార్డ్ రాసినదాంట్లోనూ, మగవాడు రాశాడనుకుంటేనే ఈ పుస్తకాలకు నమ్మిక అనే ఉంది కదా. అంటే జాకీ అనుభవం లేకపోతే సరుకే లేదన్నమాట.

అచ్చుతప్పు:
అబ్బే, అది అమ్మకాల లెక్క. సరుకు ఎవరిదో ఆ మాట చెప్పదు. తామిద్దరూ జట్టుగా పనిచేశామనీ, అట్ట మీద ఇద్దరి పేర్లున్నా తనకు సంతోషమేననీ డిక్కే అన్నాడు. రెండో పేరు వేస్తే పాఠకుడు జారిపోతాడన్న భయమూ నిలవలేదు. 2007లో ‘డెడ్ హీట్’ అట్ట మీద డిక్ పక్కన ఫీలిక్స్ పేరు వేశారు. పుస్తకం ఆగలేదు, ఏటేటా ఇంకా మూడు అలాగే వచ్చాయి. కొడుక్కి మొదటి పుస్తకానికే దొరికిన చోటు తల్లికి 38 ఏళ్లలో ఎందుకు దొరకలేదు? కళ్లెం గారూ, దీనికి గుర్రాల వైపు నుంచి జవాబుంటే చెప్పండి.